కుండీలు వద్దన్న టీచర్ గారు

ఇళ్ల ముందు తోటలు వేయడం నా పని. ఇప్పుడు దీన్ని ల్యాండ్‌స్కేపింగ్ అంటున్నారు. కోర్సులున్నాయి, కంప్యూటర్లో ఇంటి బొమ్మ పెట్టి దానిమీద మొక్కలు అతికించి చూపిస్తున్నారు. నేను మొదలుపెట్టిన రోజుల్లో ఇంటివాళ్లు నన్ను "మొక్కలబ్బాయి" అని పిలిచేవారు. మానేసేనాటికి "మస్తాన్ గారు" అయ్యాను. ఈ రెండు పిలుపుల మధ్య ఇరవై ఏళ్లు గడిచాయి. విజయవాడలోనూ, గుడివాడ, పామర్రు వైపు ఊళ్లలోనూ నేను వేసిన తోటల్లో ఇవాళ మిగిలినవి తక్కువ. కొన్నిచోట్ల కారు పెట్టుకోవడానికి టైల్స్ పరిచారు, కొన్నిచోట్ల ఇల్లే పోయి అపార్టుమెంటు లేచింది. అటువైపు వెళ్లినప్పుడు ఇంటిని కాదు, ఇంటిముందు ఒకప్పుడున్న పచ్చదనాన్ని గుర్తుపట్టబోయి తడబడుతుంటాను.

ఈ పనిలోకి వస్తున్న కుర్రాళ్లూ అమ్మాయిలూ అప్పుడప్పుడు నా దగ్గరికి వచ్చి, ఏం చదవమంటారండీ అని అడుగుతారు. చదవాల్సినవి చాలా చెప్పగలను, నేను లైబ్రరీ పుణ్యాన పైకొచ్చినవాణ్ణి. కానీ పుస్తకం నాకు చెప్పనివీ, చెప్పినా నేను వినిపించుకోనివీ కొన్ని ఉన్నాయి. అవే ఇక్కడ రాస్తున్నాను. ఎక్కువగా ఒక్క ఇంటి గురించే రాస్తాను, ఎందుకంటే నా తప్పులన్నీ ఆ ఒక్క ఇంట్లోనే జరిగాయి.

లారీ మీద గులాబీ

మా నాన్న ఆటోనగర్లో లారీ బాడీలకు రంగులు వేసేవాడు. నేను పదో తరగతి తప్పి ఆయన పక్కన చేరాను. వెనక తలుపుల మీద నెమళ్లు, తామరలు, గులాబీలు వేసేవాళ్లం. ఒకరోజు నేను ఒంటిచేత్తో పూర్తిచేసిన గులాబీని చూసి లారీ ఓనరు, "ఏంటబ్బాయ్, కూరగాయల లోడు అని చెప్పానని క్యాబేజీ వేశావా?" అన్నాడు. షెడ్డంతా నవ్వింది. నాన్న కూడా నవ్వాడు. ఆయన తప్పేమీ లేదు. ఆయన వాళ్ల ఉస్తాద్ వేసిన గులాబీని చూసి వేశాడు, నేను ఆయన గులాబీని చూసి వేశాను. అసలు గులాబీని ముగ్గురిలో ఎవరు దగ్గరగా చూశారో తెలియదు.

ఆ సాయంత్రం భవానీపురంలో మా ఇంటి దగ్గరున్న లైబ్రరీకి వెళ్లాను. చొక్కా నిండా ఎనామెల్ మరకలు. లైబ్రేరియన్ గారు కళ్లజోడు మీదుగా చూసి, "ఏం కావాలి నాయనా?" అన్నారు.

"గులాబీ కావాలండీ."

ఆయన ఒక్క క్షణం ఆలోచించి, లోపలికి వెళ్లి పూలతోటల పెంపకం మీద ఒక లావుపాటి పుస్తకం తెచ్చి ఇచ్చారు. రంగుల బొమ్మలు మధ్యలో ఎనిమిది పేజీలే. బొమ్మ గీసుకుని వచ్చేయాల్సినవాణ్ణి, దాని పక్కన రాసింది చదివాను. వేరు ఎలా తాగుతుందో, ఆకు ఎండని ఎలా వండుకుంటుందో రాశారు. మర్నాడు మళ్లీ వెళ్లాను. ఆ తర్వాత ఆరేడేళ్లపాటు లైబ్రరీ సెలవు రోజు తప్ప వెళ్లని రోజు లేదు. ఇంగ్లీషు పుస్తకాలు నిఘంటువు పక్కన పెట్టుకుని, పేజీకి గంట చొప్పున చదివాను. మొక్కల లాటిన్ పేర్లు ఉర్దూ లిపిలో రాసుకుని, సైకిల్ తొక్కుతూ వల్లె వేసుకునేవాణ్ణి. డిగ్రీ ఉన్నవాళ్ల ముందు ఆ పేర్లు పలికినప్పుడు వాళ్ల కళ్లు పెద్దవయ్యేవి. ఆ కళ్లకోసం నేను చాలా మాట్లాడాను. మాట్లాడినంత విని ఉంటే ఈ వ్యాసం రాసే అవసరం వచ్చేది కాదు.

రత్నం గారి దాహం

రంగుల పని మాని, హైవే పక్కన నర్సరీ నడిపే వెంకటరత్నం గారి దగ్గర చేరాను. ఆయన మూడో తరగతి దాటలేదు. క్రోటన్‌ని క్రోటను అనీ, బోగన్విలియాని కాగితంపూలు అనీ అనేవారు. నేను లాటిన్ పేరు చెబితే, "పిలిస్తే పలుకుద్దేంట్రా?" అని అడిగేవారు.

ఆయనకో అలవాటుంది. కొత్త ఇంటికి తోట చూడటానికి వెళితే గేటు దగ్గరే మొదటి మాట ఇది: "అమ్మా, కాసిని నీళ్లు ఇప్పిస్తారా? ఫ్రిజ్‌లోవి వద్దు. మొక్కలకి పోసే పంపులోవి ఇప్పించండి."

"అయ్యో, అవి తాగేవి కాదండీ!" అని ఇంటావిడ కంగారుపడేది.

"పర్లేదమ్మా, అలవాటే."

ఒక గుక్క నోట్లో పోసుకుని, కాసేపు ఆలోచించి మింగి, గ్లాసు తిరిగి ఇచ్చేవారు. అప్పుడే మొక్కల మాట. నాకు ప్రాణం చచ్చిపోయేది. మంచి ఇళ్లకు వెళ్లి, సోఫాలో కూర్చోమంటే కూర్చోకుండా, పంపు నీళ్లు అడుక్కోవడం ఏమిటి? మేం పెద్ద నర్సరీ వాళ్లమని చెప్పుకుంటుంటే ఈయన కూలివాడిలా కనిపిస్తాడేమిటి? ఈయనకు ఎప్పుడూ దాహమేనా? ఒకసారి అడిగేశాను కూడా.

"ఎండలో తిరిగేవాడికి దాహం వెయ్యదేంట్రా?" అన్నారు. అంతకుమించి చెప్పలేదు. ఆ తరం వాళ్లు చెప్పరు, మనమే చూసి నేర్చుకోవాలి. నేను చూశాను, నేర్చుకోలేదు. నాకు పుస్తకం ఉందిగా అనుకున్నాను.

పామర్రు ఇల్లు

తొంభైల చివర్లో ఒక జనవరి. రంజాన్ నెల. రత్నం గారికి మోకాళ్ల నొప్పులు మొదలయ్యాయి. "పామర్రులో ఒక టీచర్ గారి ఇల్లుంది, ఈసారి నువ్వే చూసి, నువ్వే వేసి రా" అన్నారు. నేను ఒంటరిగా వేయబోయే మొదటి తోట. కొత్త చొక్కా వేసుకుని, రంగుల బొమ్మల పుస్తకం చంకలో పెట్టుకుని బస్సెక్కాను.

సుశీల టీచర్ గారికి అప్పుడు యాభై దాటి ఉంటాయి. హైస్కూల్లో సైన్సు చెప్పేవారు. భర్త రామ్మూర్తి గారు రిజిస్ట్రారు ఆఫీసులో పనిచేసేవారు. ఆవిడ ఉద్యోగమంతా బదిలీలే. బందరు, అవనిగడ్డ, నూజివీడు, మళ్లీ బందరు. అన్నీ అద్దె ఇళ్లే. ఇన్నాళ్లకు పామర్రులో రోడ్డు పక్కన సొంత ఇల్లు కట్టుకున్నారు. ఇంటికీ గేటుకీ మధ్య పన్నెండడుగుల ఖాళీ స్థలం. కొత్త సున్నం వాసన ఇంకా పోలేదు.

వెళ్లగానే ఆవిడ మంచినీళ్లు తెచ్చారు.

"ఉపవాసం అండీ" అన్నాను.

"అయ్యో, మర్చిపోయాను" అని గ్లాసు వెనక్కి తీసుకెళ్లారు. ఆ గ్లాసు వెనక్కి వెళ్లడం నాకు ఇవాళ్టికీ కనపడుతుంది.

తర్వాత ఆవిడ నన్ను గేటు దగ్గరికి తీసుకెళ్లి, నేల మీద చెప్పుతో ఒక గుండ్రం గీశారు.

"ఇక్కడ మనోరంజితం పెట్టు మస్తాన్. నేలలో. మిగతాది నీ ఇష్టం. ఒక్కటే మాట, కుండీలు మాత్రం వద్దు."

"ఎందుకండీ? ఇప్పుడంతా కుండీలేనండీ."

"ముప్పై ఏళ్లు కుండీల్లో బతికానయ్యా" అన్నారు. "అద్దె ఇంట్లో నేలలో పెట్టింది ఓనరుది. కుండీలో పెట్టింది మనది. బదిలీ అయినప్పుడల్లా లారీలో మంచాల పక్కన కుండీలు ఎక్కించడమే నా సంసారం. ఒక్కసారి మాత్రం ఆశ ఆపుకోలేక బందరులో మనోరంజితాన్ని నేలలో పెట్టాను. నాలుగేళ్లు పెంచాను. మొగ్గ తొడిగిన వారమే ఓనరు గారు, మా అబ్బాయికి పెళ్లి కుదిరింది, ఇల్లు ఖాళీ చెయ్యండి అన్నారు. దాని వాసన చూడకుండానే వచ్చేశాను."

రామ్మూర్తి గారు పేపరు లోంచి తలెత్తి, "ఇప్పటికి వందసార్లు చెప్పిందయ్యా, నీది నూటొకటోది" అన్నారు.

మనోరంజితం తెలియని వాళ్లకోసం చెబుతాను. అది పొదలా పెరిగి పందిరికి పాకే మొక్క, కొమ్మకు ముళ్లుంటాయి. పువ్వు ముందు ఆకుపచ్చగా ఉంటుంది, ఆకుల్లో ఆకులా కలిసిపోతుంది. పసుపు తిరిగేవేళకి వాసన వీధంతా వస్తుంది, పువ్వు మాత్రం కనపడదు. మనసులో ఏ పండు తలుచుకుంటే ఆ పండు వాసన వస్తుందని అంటారు. ఈ మాట పుస్తకాల్లో లేదు కాబట్టి నేను నమ్మేవాణ్ణి కాదు. ఆ రోజు అంతకంటే పెద్ద తప్పే చేశాను. నేను మొక్కల్ని బొమ్మల్లో నేర్చుకున్నవాణ్ణి. బొమ్మకు వాసన ఉండదు. ముళ్లు, ఆకుపచ్చ పువ్వు, గజిబిజి పొద, ఇవన్నీ కలిస్తే నా దృష్టిలో అది పాతకాలపు మొక్క, ఫొటోలో పడని మొక్క.

పుస్తకం తెరిచి చూపించాను. నడకదారికి రెండువైపులా సింహపు కాళ్లున్న సిమెంటు కుండీలు, వాటిలో జునిపర్లు. గేటుకు అటూ ఇటూ నడుమెత్తు కుండీల్లో అరికా పామ్‌లు. మధ్యలో మెక్సికన్ గడ్డి. గోడవారగా రంగురంగుల క్రోటన్లు. ప్రతిదాని లాటిన్ పేరూ చెప్పాను.

రామ్మూర్తి గారు పేపరు పక్కన పడేశారు. "ఇదీ తోటంటే. ఎదురింటి మేనేజరు గారు కుళ్లుకుని చావాలి. కుండీలే పెట్టించు."

"నా మనోరంజితం?" అన్నారు టీచర్ గారు.

"పెరట్లో పెడదాం లెండి మేడమ్, తర్వాత" అన్నాను. "ఇంటిముందుకి అది నప్పదండీ. సైన్సు టీచరు మీరు, మీకు నేను చెప్పాలా?"

ఆవిడ నేల మీద గీసిన గుండ్రాన్ని చెప్పుతోనే చెరిపేశారు.

నేను గెలిచాననుకున్నాను. మీలో ఎవరైనా ఇంటివాళ్లను ఒప్పించి గెలిచాననుకుంటే, ఆ చెప్పు శబ్దం ఒకసారి గుర్తుచేసుకోండి.

తెల్లటి పొర

ఫిబ్రవరికి తోట తయారైంది. బాగుంది. అబద్ధం చెప్పను, చాలా బాగుంది. రోడ్డున పోయే బస్సులోంచి జనం తల తిప్పి చూసేవారు. నేనే ఒకసారి పని లేకపోయినా బస్సెక్కి వెళ్లి, ఆ తల తిప్పడం చూసి వచ్చాను.

డెల్టాలో వేసవికి కాలువలు కట్టేస్తారు, నీళ్లు వదలరు. ఇది పుట్టినప్పటినుంచీ నాకు తెలుసు. పంచాయతీ పంపులో వచ్చే కాలువ నీళ్లు ఏప్రిల్ నుంచి రోజు విడిచి రోజు, అవీ తాగడానికే సరిపోయేవి. కాబట్టి తోటకు బోరు నీళ్లు పోశారు. ఇందులో దాపరికం ఏమీ లేదు. అడిగి ఉంటే మొదటిరోజే చెప్పేవారు.

మే మొదట్లో టీచర్ గారు ఫోన్ చేశారు. "ఆకుల అంచులు మాడుతున్నాయి మస్తాన్, ఎవరో సిగరెట్‌తో కాల్చినట్టున్నాయి."

"ఎండలండీ" అన్నాను ధీమాగా. "కుండీలు త్వరగా ఆరతాయి. రెండు పూటలా నిండా పోయండి."

వారం తర్వాత మళ్లీ ఫోన్. నత్రజని లోపం అన్నాను, ఎరువు చెప్పాను. ఇంకో వారానికి బూజు తెగులు అన్నాను, మందు చెప్పాను. మూడుసార్లూ పుస్తకంలో పేజీ చూసే చెప్పాను. మూడోసారి ఆవిడ, "అన్నీ చేశాం. ఒకసారి వచ్చి చూడు నాయనా" అన్నారు. ఆ గొంతులో కోపం లేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

రత్నం గారు మోకాళ్లకు గుడ్డ చుట్టుకుని నాతో బయల్దేరారు. తోట మొత్తం గోధుమ రంగులో ఉంది. కుండీల అంచుల చుట్టూ, మట్టి మీద, సింహాల కాళ్ల మీద కూడా తెల్లటి పొర. ఆయన తోట వైపు చూడనే లేదు. గేటు దగ్గరే నిలబడి అడిగారు:

"అమ్మా, కాసిని నీళ్లు ఇప్పిస్తారా? మొక్కలకి పోసే పంపులోవి."

గ్లాసు వచ్చింది. ఆయన తాగలేదు. నా చేతికిచ్చారు.

నోట్లో పోసుకున్నాను. ఉప్పు. సముద్రమంత కాదు, చప్పరిస్తే నాలుక చివర నిలిచే ఉప్పు. రెండు నెలలు దాన్నే పోయించాను. మాడుతోందంటే ఇంకా రెండింతలు పోయించాను. నేలలో అయితే కొంత కిందికి దిగుతుంది, కుండీలో ఎటూ పోలేక వేరు చుట్టూ పేరుకుంటుంది. ఇదంతా నేను చదివిందే. ఏ పేజీలో ఉందో కూడా ఆ క్షణాన గుర్తొచ్చింది.

"ఆ రోజు నేను ఉపవాసం ఉన్నానండీ, నీళ్లు తాగలేదు" అన్నాను రత్నం గారితో.

"ఉపవాసం నీకురా. మొక్కలకి కాదుగా? సాయంత్రం తాగొచ్చుగా? సీసాలో పట్టుకు రావొచ్చుగా?"

ఉపవాసం మీద నెట్టేయడం కూడా తప్పే. ఆయన ఇన్నేళ్లు తాగింది దాహంతో కాదని నాకు తట్టకపోవడమే అసలు తప్పు. ఆయన పుస్తకం నా ముందే ప్రతి గేటు దగ్గరా తెరుచుకుంది, నేను సిగ్గుపడి పక్కకు చూశాను.

చచ్చిన మొక్కలన్నీ తీసేశాం. టీచర్ గారు నన్ను తిట్టలేదు. "ఇప్పుడైనా మనోరంజితం పెడతావా?" అన్నారంతే.

రత్నం గారు తల అడ్డంగా ఊపారు. "ఇప్పుడు కాదమ్మా. ఈ వానాకాలం నేలని కడగనివ్వాలి. వచ్చే వానాకాలం పెడదాం."

అంటే ఆవిడ అడిగిన రోజునుంచి ఏడాదిన్నర. ఆ ఏడాదిన్నర నేను పోగొట్టింది. దీన్ని గుర్తుపెట్టుకోండి.

కుండీల గురించి కొంచెం

ఇదంతా చదివి నేను కుండీలకు వ్యతిరేకం అనుకోకండి. నా సంసారం నడిచింది వాటిమీదే. కాకపోతే కుండీని అలంకారం కోసం ఎంచుకునేవాళ్లు నూటికి తొంభై మంది. ముందు సిమెంటు హంసలు, ఆ తర్వాత ఏనుగులు, రెండువేల సంవత్సరం దాటాక చైనా పింగాణీ, ఫైబర్. హంస వీపులో ఎంత మట్టి పడుతుంది? రెండు గుప్పిళ్లు. దాంట్లో గులాబీ పెట్టమంటారు. పెట్టనని చెప్పడం నేర్చుకోండి. నేను నేర్చుకునేసరికి జుట్టు నెరిసింది.

వాస్తు గురించి కూడా అడుగుతుంటారు. ఈశాన్యంలో బరువు ఉండకూడదని కుండీలన్నీ నైరుతికి మోయించిన ఇళ్లున్నాయి. ఆర్నెల్లకు ఇంకో సిద్ధాంతి వచ్చి వాటిని వాయవ్యానికి పంపేవాడు. నేను వాదించేవాణ్ణి కాదు. ఎండ ఎటు పడుతుందో ఆ దిక్కుకు అనుకూలంగా ఏదో ఒకటి చెప్పే సిద్ధాంతి ఎవరో కనుక్కుని, ఆయన పేరు చెప్పేవాణ్ణి. నిజాయితీ కాదంటారా? మొక్క బతికింది.

గట్టిగా చెప్పదలుచుకున్నది ఒక్కటే. ఇంటివాళ్లు ఏం కావాలన్నారో అందరూ రాసుకుంటారు. ఏం వద్దన్నారో ఎవరూ రాసుకోరు. వద్దన్న మాట వెనకే వాళ్ల బతుకు ఉంటుంది.

ఎర్ర గీత

అన్నమాట ప్రకారం మరుసటి వానాకాలం వెళ్లాను. ఈసారి పుస్తకం తీసుకెళ్లలేదు. గేటు పక్కన నడుము లోతు గొయ్యి తవ్వాను. అడుగున ఇటుక ముక్కలు, పైన ఏటి ఇసుక, ఉప్పు దిగి పోవడానికి వీధి కాలువ వైపు వాలుగా గొట్టం. కాలువ పూడిక తీసిన ఒండ్రు మట్టి తెప్పించి, నేల కంటే జానెడు ఎత్తుగా మెరక కట్టాను. కాలువలు కట్టేసే ముందే మంచినీళ్లు పట్టుకోవడానికి చిన్న సంపు కట్టించాం. కడియం నర్సరీల నుంచి తెచ్చిన మనోరంజితం అంటుని టీచర్ గారే నాటారు. నన్ను ముట్టుకోనివ్వలేదు.

"నువ్వు మళ్లీ లాటిన్లో పిలుస్తావు, భయపడి చస్తుంది" అన్నారు.

ఒక్క మొక్క. మిగతా పన్నెండడుగులూ ఖాళీగానే వదిలేయమన్నారు. పాత కుండీలన్నీ అడిగినవాళ్లకు ఇచ్చేశారు. నడుమెత్తు కుండీ ఒకటి మాత్రం ఎవరూ మోయలేక పెరట్లో బోర్లించి ఉండిపోయింది. దాని మీద వేసి బట్టలు ఉతికేవారు.

మొక్క నాటుకుంది. ఆ దారిన వెళ్లినప్పుడల్లా దిగి చూసేవాణ్ణి. ఆవిడ గేటు దగ్గర కుర్చీ వేసుకుని పరీక్ష పేపర్లు దిద్దుతూ ఉండేవారు. మొదటి వేసవి గడిచింది, రెండోది గడిచింది. ఆకు నిగనిగలాడుతోంది, పువ్వు మాత్రం లేదు. "తొందరేం లేదు. ఈసారి నన్ను ఖాళీ చెయ్యమనేవాడు ఎవడూ లేడుగా" అనేవారు.

మూడో ఏడు రోడ్డు వెడల్పు చేసేవాళ్లు వచ్చారు. గోడ మీద ఎర్ర రంగుతో గీత గీసి, పక్కన అంకె వేసి వెళ్లారు. పన్నెండడుగుల్లో పదకొండు రోడ్డుకు పోతాయి. ఇల్లు నిలుస్తుంది, గేటు దగ్గరి మొక్క పోతుంది.

ఫోన్ చేసింది రామ్మూర్తి గారు. "నువ్వొచ్చి ఏదో ఒకటి చెయ్యి మస్తాన్. ఆవిడ అన్నం సరిగా తినట్లేదు."

వెళ్లాను. ముళ్ల కొమ్మలు పక్కకు జరిపి చూస్తే, ఆకుల కింద రెండు మూడు చోట్ల గింజంత మొగ్గలు. విచ్చుకోవడానికి ఇంకా చాలా రోజులు పడతాయి. ఆ వారంలోనే తవ్వే మెషీన్ వస్తుంది.

"మళ్లీ మొగ్గ మీదే" అన్నారు టీచర్ గారు. నవ్వుతున్నారు.

ఏడాదిన్నర ముందు నాటి ఉంటే ఆ మొక్క అప్పటికే పూసి ఉండేది. రామ్మూర్తి గారు పేపరు చదువుతున్నట్టు కూర్చున్నారు. ఆ రోజు పేపరు తిరగేసి పట్టుకున్నారని తర్వాత గమనించాను.

సగం వేళ్లు కోసి, పది రోజులు ఆగి, మిగతా వేళ్లు కోసి తీయాల్సిన మొక్క అది. అంత వ్యవధి లేదు. చుట్టూ తవ్వి, మట్టి గడ్డతో సహా గోనెగుడ్డలో కట్టి లేపాను. మొగ్గలన్నీ రాలిపోయాయి. పెట్టడానికి చోటు చూస్తే, పెరట్లో బోర్లించిన ఆ నడుమెత్తు కుండీ ఒక్కటే సరిపోయేలా ఉంది. తిరగేసి దాంట్లో దింపాను. నేను తెచ్చిన కుండీయే, ఆవిడ వద్దన్న కుండీయే.

ఆవిడ దాని చుట్టూ ఒకసారి తిరిగారు.

"దీన్ని నువ్వే తీసుకుపో మస్తాన్."

"పెరట్లో పెడదామండీ."

"పెరట్లో ఎండ పడదు, నీకు తెలుసు. అదీకాక నా ఇంట్లో కుండీ ఉండదని చెప్పాను. ఆ మాట మీదే ఉండనీ."

నేల

అప్పటికి మేం భవానీపురంలో రెండు గదుల వాటాలో అద్దెకుండేవాళ్లం. ఊళ్లో ఇన్ని ఇళ్ల ముందు నేలను సింగారించినవాణ్ణి, నాకంటూ నేల లేదు. మెట్ల పక్కన, పిట్టగోడ మీద కుండీలే. మా ఆవిడ, "మొక్కల డాక్టరు గారింట్లో అన్నీ వార్డులో పేషెంట్లే" అని ఎగతాళి చేసేది. నలుగురం పట్టి ట్రాలీ ఆటోలో తెచ్చిన పామర్రు మనోరంజితం ఆ వార్డులో, మెట్ల పక్కన, రెండేళ్లు ఉంది. మొదటి ఏడు ఆకులన్నీ రాల్చేసింది. రెండో వేసవిలో ఒక్క పువ్వు పూసింది.

దాన్ని తడిగుడ్డలో చుట్టి, టిఫిన్ డబ్బాలో పెట్టి, మధ్యాహ్నం బస్సుకు పామర్రు వెళ్లాను. బస్సులో పక్కవాళ్లు, "ఏం పండ్లండీ?" అని అడిగారు. అంత వాసన. టీచర్ గారు అప్పటికి రిటైరయ్యారు. రోడ్డు ఇంటి మెట్టు దాకా వచ్చేసింది, లారీ పోతే కిటికీలు అదిరేవి. డబ్బా మూత తీసి ఆవిడ చేతికిచ్చాను. కళ్లు మూసుకుని చాలాసేపు వాసన చూశారు.

"ఏ పండు తలుచుకున్నారండీ?"

"మంచి వాసనే" అన్నారు. తర్వాత కళ్లు తెరిచి, "కొంచెం కుండీ వాసన వస్తోందయ్యా" అన్నారు.

రామ్మూర్తి గారితో సహా ముగ్గురం నవ్వుకున్నాం. తిరుగు బస్సులో నాకు నవ్వు రాలేదు.

మర్నాడు పొద్దున్నే ఇంటి ఓనరమ్మ గారిని అడిగి, గేటు పక్కన గొయ్యి తవ్వాను. ముందు ఆవిడ బోరు నీళ్లు తాగాను. బాగున్నాయి. కృష్ణ పక్కనే కదా.

"పెట్టుకో గానీ, నేల మాది, గుర్తుందిగా?" అన్నారు ఓనరమ్మ గారు.

"గుర్తుందండీ."

కుండీని సుత్తితో పగలగొట్టి మొక్కను బయటికి తీశాను. వేళ్లు లోపల గుండ్రంగా చుట్టుకుని కుండీ ఆకారంలోకి వచ్చేశాయి. వాటిని విడదీసి మట్టిలో పరిచాను. మళ్లీ వేసవికి కొమ్మ కొమ్మకూ పూసింది. ఈసారి నేను పువ్వు తీసుకెళ్లలేదు, కబురు పంపాను. టీచర్ గారే వచ్చారు. మా మెట్టు మీద కూర్చున్నారు, కుర్చీ వేస్తానంటే వద్దన్నారు.

"ఇది అద్దె ఇల్లేగా?" అని అడిగారు కాసేపటికి.

"అవునండీ."

"మరి నేలలో పెట్టావేం? ఓనరుది అయిపోతుంది."

"అయిపోనివ్వండి."

చీకటి పడేముందు గాలి ఇటు తిరిగినప్పుడు వాసన ఒక్కసారిగా వచ్చింది. ఏ పండు అని నేను అడగబోయాను. ఆవిడే చెయ్యి అడ్డంపెట్టి, "పండూ వద్దు, ఏం వద్దు. పువ్వునే తలుచుకుంటున్నాను" అన్నారు. ఆఖరి బస్సు దాకా కూర్చున్నారు. వెళ్లేటప్పుడు మొదలు దగ్గర వంగి, మట్టిని రెండు వేళ్లతో నొక్కి చూశారు, పిల్లవాడి నుదురు ముట్టి చూసినట్టు.

తర్వాత రెండేళ్లకు ఆవిడ పోయారు. రత్నం గారు అంతకు ముందే. మేం ఆ వాటా ఖాళీ చేసి మూడు వీధుల అవతలికి మారాం. కుండీలన్నీ రిక్షాలో ఎక్కించాం. మనోరంజితం ఎక్కడిదక్కడే ఉండిపోయింది. నేలలోది కదా.

ఇప్పుడు పని మానేశాను. సాయంత్రాలు లైబ్రరీకి వెళుతుంటాను. దగ్గరి దారి ఒకటుంది, కానీ వేసవిలో చుట్టూ తిరిగి మా పాత వాటా ఉన్న వీధి గుండా వెళతాను. మొన్న ఆ వాసనకి గేటు ముందు కాస్త ఎక్కువసేపే నిలబడ్డట్టున్నాను. లోపల బట్టలు తీస్తున్న ఒకావిడ నన్ను చూసింది. ఆవిడ ఎవరో, ఎన్నాళ్లుగా అద్దెకుంటోందో నాకు తెలియదు.

"ఎవరు కావాలండీ?"

"ఎవరూ అక్కర్లేదమ్మా. బస్సు కోసం నిలబడ్డాను."

ఆవిడ నన్నూ వీధినీ మార్చి మార్చి చూసి, "ఈ వీధిలోకి బస్సు రాదండీ" అంది.